సైరన్ కూసిన చిలుక

నా చిన్నప్పుడు చూసిన ఒక చిలుక గురించి చెబితే తప్ప మొన్నటి నా శుభవార్త పూర్తికాదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక మైదానంలో సర్కస్ డేరా వేసి చాలా రోజులైంది. అప్పుడు నేను బడి మానేస్తానని మొండికేసి కూర్చున్నాను. మిగతా పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్లుండేవారు. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు. "మనింట్ల ఎవ్వలకు రాంది నాకెట్ల వస్తది బాపూ?" అని ఏడ్చాను. బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు నన్ను ఊరడించడానికి, మొదటి షిఫ్టు దిగి రాగానే నన్ను సర్కస్‌కు తీసుకెళ్లాడు.

ఏనుగు ఆట అయ్యాక ఒక చిలుక బుల్లి సైకిల్ తొక్కుతూ వచ్చింది. దాన్ని ఆడించే ఆయన నమస్తే చెప్పమంటూ ముక్కు దగ్గర మైకు పెట్టాడు. అది మెడ సాగదీసి "ఊఁ...య్" మని మా బాయి షిఫ్టు సైరన్ కూసింది! సన్నగా లేచి, చివర్లో బొంగురుపోయే అదే కూత.

గ్యాలరీలో మగవాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. బాపు నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగబోయాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి కునుకుతున్న పక్కింటి కాక "అగో, షిఫ్టయ్యింది! నా బూట్లేవిరా?" అంటూ బెంచీ కింద తడిమాడు.

"డ్యూటీ చిలుకది, నువ్వు పండుకో కాకా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. డేరా అంతా పడీపడీ నవ్వింది.

అది తాము నేర్పింది కాదనీ, రోజూ విని విని అదే పట్టేసిందనీ ఆడించే ఆయన తెల్లబోతూ చెప్పాడు.

బాపు కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "దానింట్ల ఎవ్వలన్న బాయిల పనిజేసిండ్రా బిడ్డా? మరి దానికెట్లొచ్చె?"

మర్నాడు బడికెళ్లి ముందు వరసలో కూర్చుని, చెవులప్పగించి విన్నాను.

తర్వాత పెళ్లితో చదువు ఆగింది. మనవరాలు పుట్టాక మళ్లీ పుస్తకాలు పట్టాను. ఏ పాఠమైనా కొరుకుడు పడకపోతే ఆ చిలుకే గుర్తొచ్చేది. మొన్న డిగ్రీ ఫలితాలొచ్చాయి. పాసయ్యాను! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది!

వెంటనే బాపుకు ఫోన్ చేశాను. ఆయన హలో అనగానే, ఇన్నేళ్లుగా నాలో దాచుకున్న ఆ కూతే కూశాను, "ఊఁ...య్" అని.

అవతల ముసలాయన పకపకా నవ్వాడు. "పాసైనవా బిడ్డా!"