వేడి చేసి అమ్మిన బండి

ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీ గేటు పక్కన నాలుగేళ్లు నిలబడిన డీజిల్ పికప్ నాదే. మావారిది కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. నేను ఇంట్లో వండి మనవాళ్ల సీమంతాలకు, వ్రతాలకు, కంటోన్మెంట్‌లో పిల్లల పుట్టినరోజులకు భోజనాలు పంపిస్తాను. పులిహోర గుండిగలు టాక్సీలో పట్టవు. సాంబారు గిన్నె చూస్తే ఆటోవాడు ఆగడు. అందుకని టన్నున్నర మోసే పాత పికప్ ఒకటి కొని, నేనే నడపడం నేర్చుకున్నాను. చీర కొంగు దోపుకొని అంత బండిని రివర్స్ చేస్తుంటే సొసైటీ మొత్తం బాల్కనీల్లోంచి చూసేది. ఆ చూపులు నాకు నచ్చేవి. అబద్ధమెందుకు.

బండి మాత్రం కొన్న నెలకే దాని గుణం చూపించింది. ముందు ఇంజెక్టర్లు పోయాయి. అవి మార్పించి ఊపిరి పీల్చుకునేలోపు క్లచ్ అరిగింది, తర్వాత టర్బో ఆయిల్ కక్కడం మొదలుపెట్టింది. కొన్న ధర ఒక్కసారే ఇచ్చాను గానీ, దాన్ని ఇంటి ముందు ఉంచుకున్నందుకు నెలనెలా ఇస్తూనే ఉన్నాను. టైర్లు, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్. చలికాలంలో గాలి మరీ పాడైన రోజుల్లో పాత డీజిల్ బండ్లను రోడ్డెక్కనివ్వరు. సరోజినీ నగర్‌లో బారసాల వంట ఒప్పుకొని, నా బండి గేటు దగ్గర పెట్టుకొని, అద్దెకు సీఎన్జీ బండి పిలిపించిన రోజులున్నాయి. ఆ రోజు ఇంట్లో ఎవరైనా నాతో మాట్లాడితే వాళ్ల పని అయిపోయినట్టే.

నాలుగో చలికాలంలో పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ రావడం మొదలైంది. రేడియేటర్‌లో నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలిసేది కాదు. మా మెకానిక్ అరపూట చూసి, ఇంజిన్ పైభాగంలో ఉండే హెడ్‌లో సన్నని పగులుందన్నాడు. ఇంజిన్ వేడెక్కితే పగులు మూసుకుంటుందట, చల్లారితే తెరుచుకుంటుందట. తేలిక బరువుతో ఊళ్లో తిరిగినన్నాళ్లు తిరుగుతుంది, నిండా లోడేసి దూరం పోతే మరిగిపోతుంది.

"మీరు కొన్నప్పుడే కొంచెం ఉండుంటుంది, ఇప్పుడు పెరిగింది మేడమ్," అన్నాడు హిందీలో. "పాత డీజిల్ బండిని పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడి ఇంజిన్ తన రోగం చెప్పదు."

నిజమే. డీలర్ నాకు బండి చూపించింది మధ్యాహ్నం, అప్పటికే ఇంజిన్ నడుస్తోంది. రెండు రోజులు ఆ డీలర్‌ని ఏడు తరాల వరకూ తిట్టాను. ఆ తర్వాత, అతని విద్యను భద్రంగా దాచుకున్నాను.

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో 'డీలర్ దగ్గర కొని ఇంట్లోనే వాడిన బండి, మంచి కండిషన్' అని పెట్టాను. మర్నాడే గ్రేటర్ నోయిడా నుంచి ఒకాయన ఫోన్ చేశారు. శ్రీకాకుళం వైపు మనిషి, ఫౌజులో, అంటే సైన్యంలో, రేషన్ స్టోర్ చూసి రిటైరయ్యారు. కాలేజీల దగ్గర అద్దె ఇళ్లలో ఉండే మన పిల్లలకీ, చుట్టుపక్కల కుటుంబాలకీ సోనా మసూరి బియ్యం, కందిపప్పు ఇంటికి తెచ్చిచ్చే వ్యాపారం పెట్టాలనుకుంటున్నారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బు మొత్తం అందులోనే పెడుతున్నామని ఫోన్‌లోనే చెప్పారు. బియ్యం బస్తాలు! నిండా లోడు, రోజూ ఎక్స్‌ప్రెస్‌వే మీద అంత దూరం. ఫోన్ పెట్టేసరికే నాకు మొత్తం తెలుసు.

మర్నాడు పొద్దున ఏడింటికి వస్తామన్నారు. ఫౌజు మనిషి గదా, ఏడంటే ఏడే. నేను ఆరింటికే లేచి నీళ్లు పోసి, బండి స్టార్ట్ చేసి, పొగంతా పోయేదాకా కాలనీలో నాలుగు చుట్లు తిప్పి తెచ్చి పెట్టాను.

భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యేసి, "వేడిగా ఉన్నాదేటమ్మా?" అన్నారు.

"ఇప్పుడే పాలకోసం వెళ్లొచ్చానన్నయ్యగారూ," అన్నాను. ఇంత సులువుగా వస్తుందనుకోలేదు ఆ మాట.

కావాలంటే మెకానిక్‌ని తెచ్చుకోండని ఆ వెనకే నేనే అన్నాను. ధర్మం కోసం కాదు, పైకి బాగుంటుందని. ఆయన నొచ్చుకున్నారు. "అదేటి చెల్లెమ్మా! మనోలు మనోలూ పరీచ్ఛ పెట్టుకుంటారా? బియ్యమైతే నానే చూస్తాను గానీ, బండి సంగతి నాకేటి తెలుసు. మీ మాట చాలు. ఠీక్ హై."

పైకి తీసుకెళ్లి ఇడ్లీలు పెట్టాను. ఆవిడ నా వంటింటి గుమ్మంలో నిలబడి, "మా సుట్టుపక్కల తెలుగు మాటాడేవోలు లేరు వదినా. మూడు నెలలైంది నేను కడుపారా మాటాడి," అంటూ అల్లప్పచ్చడి ఎలా చేశానో అడిగింది. చెప్పాను. పచ్చడి గురించి ఒక్క కొలత కూడా దాచకుండా చెప్పాను.

బండి వెళ్లిపోయాక, పగులు సంగతి వాళ్లకు చెప్పలేదని మావారితో అన్నాను. ఆయన పేపరు మడిచి, "నువ్వు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. అంతేగా," అన్నారు. బానెట్ మీద చెయ్యేసి మరీ అడిగారు. ఆ సంగతి మావారికి తెలియదంతే.

అప్పటినుంచి బియ్యం వాళ్ల దగ్గరే తెప్పించుకున్నాను, అవసరం లేకపోయినా. అలా చేస్తే ఏదో చెల్లిపోతుందనుకున్నాను కాబోలు. రెండు నెలలు పికప్‌లోనే వచ్చాయి. ఆ తర్వాత ఎండాకాలంలో ఒకరోజు లిఫ్టు పనిచేయడంలేదు. ఆయన ఇరవై అయిదు కేజీల బస్తా భుజాన వేసుకొని మూడంతస్తులు ఎక్కి వచ్చారు. కింద చూస్తే ఈ-రిక్షా ఉంది.

"బండేదన్నయ్యగారూ?" అని అడిగాను. అడగక తప్పదు.

ఆయన చొక్కాతో మెడ తుడుచుకొని, చెప్పడానికి ఇబ్బంది పడ్డారు. నిండు లోడుతో ఎక్స్‌ప్రెస్‌వే మీద మరిగి ఆగిపోయిందట. ఆయన మెకానిక్ కోసం వెళితే, ఆవిడ ఎర్రటి ఎండలో ఆ బస్తాల పక్కన సాయంత్రం దాకా కూచుందట. వడదెబ్బ కొట్టి వారం రోజులు మంచం దిగలేదట. ఇంజిన్ విప్పి నెల అవుతోంది.

"నాకు ఒక్కమాట చెప్పలేదే," అన్నాను.

"ఏటి చెప్పమంటావమ్మా. నీకు ఆ బండి అంటగట్టినోడెవడో నిన్ను బాగా మోసం చేసీసినాడు. తెలిస్తే నువ్వు బాధపడతావని మేమే ఊరుకున్నాం."

నేను తల ఊపాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేను తల ఊపి, పైగా "డీలర్లంతా దొంగలేనండీ" అన్నాను. మజ్జిగ ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు తనే సింకులో పెట్టి, చెప్పులేసుకొని దిగిపోయారు.

వెనకే దిగి రెండో అంతస్తులో అందుకున్నాను. రెయిలింగ్ పట్టుకొని, "నాకు తెలుసు," అన్నాను. "పగులుందని తెలుసు. మీరు వచ్చేముందు నేనే తిప్పి వేడిచేసి పెట్టాను. పాలకోసం వెళ్లలేదు."

ఆయన ఒక మెట్టు కిందికి దిగి ఆగారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది. మొత్తం డబ్బు వెనక్కిస్తానన్నాను. నా దగ్గర అప్పుడు అంత లేదు, అయినా అన్నాను.

"బండి నేను వాడుకున్నాను గదండీ," అన్నారు. అంతకుముందు చెల్లెమ్మా అన్న మనిషి, ఇప్పుడు అండీ అన్నారు. "హెడ్ మార్చడానికయ్యే ఖర్చు ఇచ్చీండి. అది న్యాయం. మిగతాది నాకొద్దు."

ఇస్తానన్నాను. ఆ వారమే ఇచ్చాను కూడా. ఆయన ఇంకో నాలుగు మెట్లు దిగి, తల పైకెత్తకుండానే మళ్లీ అన్నారు.

"ఈ మాట మా ఆవిడకి చెప్పకండి. ఢిల్లీలో తనకంటూ ఒక మనిషి ఉందని అందరికీ చెప్పుకుంటాది. ఆ మనిషి మీరే."

ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. ఆవిడ మాత్రం ఆదివారం ఆదివారం ఫోన్ చేసి వదినా అంటుంది. నేను పలుకుతాను.