తులసి పక్కన బ్రహ్మకమలం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క ఫ్లాట్ ఆవిడా నేనూ ఎల్బీనగర్ రోడ్డు పక్కన నర్సరీలో ఒకే రోజు బ్రహ్మకమలం మొక్కలు కొన్నాం. ఒకే వరసలోంచి తీసుకున్న కుండీలు. ఈ వానాకాలం ఆవిడ మొక్కకి మొగ్గలు వేలాడుతున్నాయి. నా దానికి ఆకుల అంచులు ఎర్రబడి, మొదలు మెత్తబడింది.

ఆవిడ కాలేజీలో బోటనీ చెబుతుంది. వాళ్లది నాదర్‌గుల్‌లో పొలాలున్న కుటుంబం. గుడికి వెళ్లడం తక్కువ. ఆదివారం వాళ్ల మటన్ వాసన మా పూజగది దాకా వస్తుంది. నేను చిన్నప్పటినుంచీ పారాయణాల్లో పెరిగినదాన్ని. ఆ పువ్వు మధ్యలో బ్రహ్మ కొలువుంటాడని మా సత్సంగంలో అందరం నమ్ముతాం. అలాంటి పువ్వు నా ఇంట్లో కాక అక్కడ పూయడమేమిటని స్వామిని రోజూ అడిగేదాన్ని.

నేనేం తక్కువ చేశాను? బాల్కనీలో తులసికోట పక్కనే పెట్టాను. అభిషేకం చేసిన పాలూ కొబ్బరినీళ్లూ కాలికింద పడకూడదు కనుక రోజూ దాని మొదట్లోనే పోశాను. తులసితో పాటు దానికీ ప్రదక్షిణం చేశాను.

శనివారం సత్సంగం ఏళ్ల తరబడి మా హాల్లోనే జరుగుతోంది. ఆ వారం మూసారాంబాగ్ నుంచి వచ్చే పెద్దావిడ హారతి కళ్లకద్దుకుంటూ, "పక్కింట్లో మొగ్గలు విచ్చుకునే రోజు పారాయణం అక్కడే పెట్టుకుందామమ్మా. ఆ పువ్వు ముందు చదివితే ఆ పుణ్యమే వేరు," అంది. నా ప్రసాదం తింటూనే అందరూ తలలూపారు.

మర్నాడు పక్కింటి తలుపు కొట్టాను.

"వదినగారూ, మీ మొక్కకి ఏం వేస్తున్నారు?" అన్నాను, మామూలుగా అడిగినట్టే.

"ఏం ఎయ్య ఒదినా. దాన్ని పట్టించుకోనే పట్టించుకోను. నువ్వేం పోస్తున్నవ్ చెప్పు."

చెప్పాను.

"పాలా! గది జెముడు జాతి ఒదినా. దాని యేర్లకు పాయసం తాగిపిస్తున్నవా?"

"జెముడంటే ఎండలోనే కదండీ పెరిగేది? అందుకే పడమటెండ తగిలేలా పెట్టాను."

"మా నాదర్‌గుల్ రాళ్లల్ల నాగజెముడు ఎండల పెరుగుతది. ముండ్లుంటయ్, తోలు మందం, నీళ్లు లోపట దాసుకుంటది. గీ బ్రహ్మకమలం వానలు పడే అడవిల పుట్టింది. పెద్ద చెట్ల కొమ్మలు పట్టుకొని, మురిగిన ఆకుల్ల యేర్లు పెట్టుకొని బతుకుతది. దీనికి జర నీడ, తడి గాలి గావాలె. యేర్ల కాడ నీళ్లు నిలవొద్దు. జెముళ్లన్ని ఒక్క తీరుగుండయ్."

లోపలికి తీసుకెళ్లి చూపించింది. అది వాళ్ల వాష్ ఏరియా. అంట్లు తోమే గట్టు, వాషింగ్ మెషీన్, చీపుర్లు. పైన కమ్మీకి కుండీ వేలాడుతోంది. వెనక వేపచెట్టు వల్ల ఎండ నేరుగా పడదు. తడి ఎప్పుడూ ఆరదు.

"ఇక్కడా? అంట్ల దగ్గరా?"

"దానికి అంట్లు తెల్వయ్, మడి తెల్వది ఒదినా."

మా వాష్ ఏరియా కూడా ఆ వేపచెట్టు వైపే ఉంది. ఇంట్లో అంతకంటే చల్లని చోటు లేదు. అయినా బ్రహ్మ కూర్చునే పువ్వుని ఎంగిలి నీళ్ల పక్కన పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

మొగ్గలు విచ్చుకునే సాయంత్రం కుండీని వాళ్ల హాల్లోకి తెచ్చి పెట్టారు. దీపాలు పెట్టాక రేకలు ఒక్కొక్కటే విడివడి, హాలంతా వాసన నిండింది. పారాయణం నన్నే చదవమన్నారు. అసూయ లేనివాళ్లకే భగవంతుడు తన రహస్యం విప్పుతాడని ఎందరికో చెప్పినదాన్ని. నోరు నామాలు చదువుతోంది, కళ్లు మాత్రం ఆ కుండీ మీదే ఉన్నాయి. హారతి అయ్యాక పెద్దావిడ పక్కింటావిడ తల నిమిరి, "ఎంత పుణ్యం చేసుకున్నావే తల్లీ!" అంది. ఇన్నేళ్లలో నా తల ఒక్కసారి నిమరలేదు.

తెల్లవారగానే మా వాష్ ఏరియాలో చీపుర్లు తీసేశాను. అంట్ల గంప వంటింటి సింకు కిందికి జరిపాను. గట్టు కడిగి ముగ్గు వేశాను. మెత్తబడిన మొదలు కోసేసి, గట్టిగా మిగిలిన ముక్కని కొబ్బరిపీచూ ఎండిన వేపాకూ కలిపిన మట్టిలో నాటి, కమ్మీకి కట్టాను.

మా ఆయన షర్టు నానబెట్టడానికి బకెట్టుతో వచ్చి ఆగిపోయాడు. "ఇక్కడ ముగ్గేమిటి?"

"చెప్పులు బయట విడిచి రండి," అన్నాను.