గురుబారి చేతిలోంచి తీసుకున్న రసీదు

ఈ మాట పదకొండేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకి కూడా తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు, చూడబోరు కూడా. నన్ను మంచివాడని మీరు అనుకోవాలన్న ఆశ లేదు. కోపంగా ఉంది. ఆ కోపాన్ని ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ మీద పెట్టి బతికాను. ఇక కుదరడం లేదు.

విశాఖపట్నంలో చిన్న నిర్మాతల సంఘం ఒకటుంది. పేరు చెప్పను. అప్పట్లో దానికి నేను సంయుక్త కార్యదర్శిని. వెనక ఏ స్టూడియో లేకుండా టీవీకో సినిమాకో సొంతంగా తీసుకునేవాళ్ళకి ఆ సంఘమే దిక్కు. ఎవరైనా కథ రాసుకొస్తే తేదీ వేసి, ముద్ర కొట్టి, రసీదు ఇచ్చేవాళ్ళం. టైటిల్ మరొకడు లాక్కోకుండా నమోదు చేసేవాళ్ళం. అడవిలో షూటింగుకి అనుమతి కావాలంటే ఉత్తరం రాసేవాళ్ళం. తగువొస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చేవాళ్ళం. పెద్దవాడి ముందు చిన్నవాడు ఒంటరిగా నిలబడకూడదు, సంఘం ఉన్నది అందుకే. ఈ మాట ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ మైకు పట్టుకుని చెప్పింది నేనే. చప్పట్లు కొట్టేవాళ్ళు.

గురుబారి ఆ మాట నమ్మి వచ్చింది.

హుకుంపేట దగ్గర కొండమీది ఊరు ఆమెది. గురువారం పుట్టిందని ఆ పేరు పెట్టారట. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయి. అరకు వచ్చే యూనిట్లకి లొకేషన్లు చూపించడం, థింసా నాట్యం ఆడే ఆడవాళ్ళని కూడగట్టడం ఆమె పని. ఆ పనిలోనే కెమెరా పట్టడం నేర్చుకుంది. తనే నిర్మాతగా, తమ భాషలో, ఒక సినిమా తీయాలనుకుంది. నోటుపుస్తకంలో నలభై పేజీల కథ రాసుకుని బస్సెక్కి వచ్చింది.

కథ వాళ్ళ అత్తది. ఆవిడ వయసులో ఉండగా ఎవరో సినిమావాళ్ళు వచ్చి మూడు రోజులు ఎండలో థింసా ఆడించారు. తెరమీద కనబడతావని చెప్పారు. ఆవిడ ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఒక్కతీ బస్సెక్కి విజయనగరం వెళ్ళి ఆ సినిమా చూసింది. అందులో ఆవిడ పాదాలు మాత్రమే ఉన్నాయి. వంకర పోయిన బొటనవేలిని బట్టి తనవని గుర్తుపట్టింది. ఊళ్ళో అందరూ అడిగితే, బాగా కనబడ్డానని చెప్పింది.

చదివి, మళ్ళీ మొదటి పేజీ తిప్పి ఇంకోసారి చదివాను నేను. తేదీ వేశాను. ముద్ర కొట్టాను. నోటుపుస్తకం ఆఫీసులో దాచి రసీదు రాసిచ్చాను. అక్కడిదాకా మనిషినే.

ఆ వారంలోనే ఆ కథ మా సంఘంలోని ఒక పెద్దాయనకి చూపించాను. పేరున్న నిర్మాత, ఛానెళ్ళలో పలుకుబడి ఉన్నవాడు. ఎందుకు చూపించాను? ఆమెకి సాయం చేస్తాడనా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. సంఘం ఎన్నికలు ఏడాదిలోపే ఉన్నాయి. నాకు కార్యదర్శి కుర్చీ మీద కన్నుంది. ఆయన కాదంటే ఎవరూ గెలవరు. మంచి కథ నా చేతికొచ్చిందని ఆయన ముందు గొప్ప చెప్పుకోవాలనిపించింది, అంతే.

ఆరు నెలలకి ఆయన టెలిఫిల్ము ప్రకటించాడు. అదే అత్త, అదే బస్సు, అవే పాదాలు. గురుబారి సంఘానికి ఫిర్యాదు పంపింది. ఎంతో మర్యాదగా రాసింది, నా కథ ముందు మీ దగ్గరే దాచుకున్నాను, మీరే చెప్పండి అని.

కమిటీలో ఆ ఉత్తరం చదివినప్పుడు ఒకాయన, "ఏజెన్సీవాళ్ళు కథలు కూడా రాసేత్తన్నారేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడిది రాస్తూ పళ్ళు కొరుక్కుంటున్నాను. చిన్నవాళ్ళకి అండగా నిలబడే సంఘమట! ఆ బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడూ ఆ కొండల్లో పాటలు తీసుకున్నవాడే. ఒక్కడికీ ఆమె ఊరి పేరు తెలియదు.

తరవాత పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. "ఆవిడ దగ్గర రసీదుందా?" అని అడిగాడు. ఉందన్నాను. "ఓసారి వెళ్ళి చూసిరా" అన్నాడు. తెమ్మనలేదు. చింపమనలేదు. ఆ రెండు మాటల్లో ఎక్కడైనా ఆజ్ఞ దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, దొరికితే తప్పు సగమైనా ఆయనకి అంటగట్టి నిద్రపోదామని. దొరకలేదు. మిగతాదంతా నేనే చేశాను.

ఆఫీసు ఫైల్లోని నమోదు కాగితం, ఆమె నోటుపుస్తకం సంచిలో పెట్టుకునే బయల్దేరాను. హుకుంపేట దాకా బస్సు, అక్కణ్ణించి నడక. ముంగిట్లో కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి. అరుగు మీద అత్త కూర్చుని ఉంది.

"రండి సార్. సంగమోళ్ళు ఇంత దూరం ఎవులూ రారు," అంది గురుబారి.

"విచారణకోసం వచ్చానమ్మా. అసలు రసీదు కమిటీకి చూపించాలి."

లోపలికెళ్ళి రేకుపెట్టెలోంచి తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

"జిరాక్సు తీసిమ్మంటారా సార్? హుకుంపేటలో ఉంది. బేగి ఎల్లొచ్చేత్తాను."

"అసలుదే కావాలి. నా మీద నమ్మకం లేదా?"

ఆమె సిగ్గుపడింది. నేను సిగ్గుపడాల్సిన చోట ఆమె సిగ్గుపడింది.

"అదేటి మాట సార్. మీరు మా సంగం మనిసి. మీకియ్యక ఇంకెవులికిత్తాను? కాపోతే బేగి తేల్సండి. మా అత్త ముసిల్దైపోతంది."

అత్త వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమంటోందని అడిగాను.

"ఈ సినిమాలోనైనా తన మొకం కనబడతాదా అని అడుగుతంది సార్."

"కనబడుతుంది," అన్నాను.

రాగి అంబలి ఇచ్చారు. తాగాను. ఎలా తాగానో తెలియదు, ఇంకాస్త పొయ్యమన్నట్టు కూడా గుర్తు. పాడేరు ఘాట్ దిగుతుండగా బస్సు కిటికీ పక్కన కూర్చుని రెండు కాగితాలూ చింపి గాలికి వదిలేశాను. నోటుపుస్తకాన్ని లోయలోకి విసిరేశాను.

కమిటీ ముందు ఆమె నిలబడి, "రసీదు ఈ సారుకే ఇచ్చాను" అంది. అందరూ నావైపు చూశారు. "నాకేమీ ఇవ్వలేదు" అన్నాను. ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది. అరిచినా తిట్టినా బాగుండేది. ఫిర్యాదు కొట్టేశారు. ఆధారం లేకుండా పెద్దమనిషి మీద నింద వేసిందని సభ్యత్వం కూడా తీసేశారు. ఆ తీర్మానం రాసింది నేను. నెల తిరక్కుండా కార్యదర్శినయ్యాను.

టెలిఫిల్ము వచ్చింది. అత్త వేషం వేసిన అమ్మాయికి ఒళ్ళంతా నల్లరంగు పూశారు. బహుమతి వస్తే అభినందన సభ జరిపింది మా సంఘమే. ఆ తరవాత రెండేళ్ళకి అత్త పోయిందని విన్నాను. గురుబారి ఆ సినిమా తీయనే లేదు.

ఈమధ్య ఒక కెమెరామన్ అరకు నుంచి వచ్చి చెప్పాడు. గురుబారి, ఇంకా చింతూరు నుంచి, గుమ్మలక్ష్మీపురం నుంచి సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్ళు కొందరు కలిసి తమ సంఘం పెట్టుకున్నారట. ఆఫీసు లేదు, ముద్ర లేదు. ఎవరు కథ రాసినా సంతరోజున అందరి ముందూ చదవాలి. విన్నవాళ్ళంతా సాక్షులు. రసీదు పుస్తకం పెట్టుకోవచ్చు కదా అని ఇతను అడిగితే, "కాయితం సిరిగిపోద్ది బాబూ" అందట. నా పేరు ఎత్తలేదట.

అది విని ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద? బల్లలూ బీరువాలూ లెటర్‌హెడ్లూ ఉన్న మేం చేయాల్సిన పని వాళ్ళు సంతలో నిలబడి చేసుకుంటున్నారు. ఎవరివల్ల? మా పెద్దాయన పోయిన ఏడు చనిపోయాడు. ఆయన పోయాకే నీకు ధైర్యం వచ్చిందా అని మీరు అడగొచ్చు. అవును. అదీ నిజమే.

నిన్న రెండు కాగితాల మీద ఒకేలా రాశాను. గురుబారి కథ తెచ్చింది, ముద్ర కొట్టింది నేను. రసీదు నా చేతికిచ్చింది, చింపింది నేను. కమిటీలో ఆమె చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. కింద నా అసలు పేరు రాసి సంతకం పెట్టాను. ఒకటి సంఘానికి, ఒకటి ఆమెకి రిజిస్టర్ పోస్టులో పంపాను. క్షమించమని రాయలేదు. ఆ మాట రాస్తే ఆమెని మళ్ళీ ఏదో ఒకటి ఇమ్మని చెయ్యి చాపినట్టే.

పోస్టాఫీసు మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. అందుకు కూడా నాకు అర్హత లేదు. కానీ చెప్పేశాను.