నాలుగో పేరు

రేపల్లె మిషన్ బడిలో లెక్కలు చెప్పే పుష్పలత టీచరు మంచి మనిషే కానీ, చదరంగంలో ఓడిపోయిన రోజున మాత్రం ఆవిడ దగ్గరికి ఎవరూ పోకూడదు. వాళ్లాయన మార్కు ఆ పూట తనే అన్నం వడ్డించుకుని తినేవాడు. చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్న అంద్రెయ నేర్పిన ఆట అది. జిల్లా మహిళల చదరంగం పోటీల్లో నాలుగేళ్లు వరసగా ఆవిడది రెండో స్థానం. మొదటి స్థానం తెనాలి ఆదిలక్ష్మిది. పుష్పలత కంటే పదేళ్లు చిన్నది, నవ్వుతూ ఆడుతుంది, నవ్వుతూనే చుట్టేస్తుంది. ఆ నవ్వంటే పుష్పలతకు ఒళ్లుమంట.

మొదటి స్థానం వస్తే హైదరాబాదులో రాష్ట్రపోటీకి పంపుతారు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, ఒక్కసారైనా వెళ్లాలని పుష్పలత ఆశ. ఆదిలక్ష్మి నల్లపావులతో ఎప్పుడూ సిసిలియన్ అనే ఆరంభపుటెత్తులే వేస్తుందని కనిపెట్టి, ఎనిమిది నెలలు కూర్చుని దానికి విరుగుడు తయారుచేసింది. పన్నెండో ఎత్తులో శకటును బంటుకు బలిచ్చేసి, ఇంకా నడిబోర్డులోనే ఉన్న ఆదిలక్ష్మి రాజును పట్టుకోవడం. మార్కుకు కూడా చూపించలేదు.

1988లో పోటీలు బాపట్లలో పెట్టారు. నిర్వాహకుడు జార్జి గారు కబురు చేశారు. మహిళల విభాగానికి మూడే పేర్లు వచ్చాయట, శనివారంలోగా నాలుగోది రాకపోతే రద్దు చేస్తారట. ఆదిలక్ష్మి ఈసారి ఆడనందట, జిల్లాలో ఆడే ఆడమనిషి ఇంకెవరూ దొరకలేదట.

పుష్పలత మర్నాడే రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలిలో దిగింది. తనను ఓడించడానికి రమ్మని తనే బతిమాలడానికి పోతున్నందుకు దారంతా తనను తానే తిట్టుకుంది.

ఆదిలక్ష్మి కాఫీ ఇచ్చింది కానీ నవ్వలేదు. కిందటేడు రాష్ట్రపోటీలో ఏడు ఆటలాడి ఏడూ ఓడిపోయానని, ఆఖరుది పదేళ్ల పిల్ల చేతిలోనని, ఆ పిల్ల బిస్కెట్లు తింటూ ఆడిందని చెప్పింది. బోర్డు అటకెక్కించేసిందట. పుష్పలత ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపడమే.

పుష్పలతకు కోపమొచ్చింది.

"సరే, మానెయ్. నీకోసం ఎనిమిది నెలలు కష్టపడి ఒకటి చేశాను. నువ్వెలాగూ ఆడవు కాబట్టి చూసి ఏడువు. బోర్డు దించు."

పావులు పేర్చి, ఎత్తులు గబగబా వేసుకుంటూ పోయింది. పన్నెండో ఎత్తు దగ్గర శకటు మీద వేలు పెట్టాక గానీ ఆవిడకు తెలిసిరాలేదు, తనేం చేస్తున్నదీ. చూపిస్తే ఆ ఆయుధం ఇంక పనికిరాదు. చూపించకుండా లేచిపోతే పోటీయే లేదు. ప్రాణం ఉసూరుమంది. వేసేసింది.

ఆదిలక్ష్మి ముందుకు వంగింది. పుష్పలత గ్లాసు కింద పెట్టి, పోటీ దరఖాస్తు బల్లమీద ఉంచి, వెళ్లొస్తానంది. ఆదిలక్ష్మి కళ్లు బోర్డు మీదే ఉన్నాయి.

శుక్రవారం నాలుగో పేరు చేరింది.

బాపట్లలో ఆఖరి ఆట వాళ్లిద్దరిదే. చీటీల్లో పుష్పలతకు తెల్లపావులొచ్చాయి. ఆదిలక్ష్మి అదే సిసిలియన్ ఆడింది, అదే దారిలోకి నడిచొచ్చింది. పుష్పలత పక్కకు తప్పుకోవచ్చు. కానీ ఎనిమిది నెలలు పెంచుకున్న ఎత్తును బయటికి తీయకుండా ఎలా ఉంటుంది? శకటును బలిచ్చింది. ఆదిలక్ష్మి తీసుకుంది, మూడెత్తుల తర్వాత గుర్రాన్ని తిరిగిచ్చేసి రాజును ఒడ్డున పడేసుకుంది. అంత చక్కటి జవాబు పుష్పలతకు కలలో కూడా తట్టలేదు. ముప్పై నాలుగో ఎత్తుకు ఆట వదులుకుంది.

ఏడుపొచ్చింది. హైదరాబాదు పోయినట్టే. అయినా ఆ గుర్రపు ఎత్తును తలుచుకుంటే లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది, దానికి ఇంకా ఒళ్లుమండింది.

బస్టాండు దాకా ఆదిలక్ష్మి వెంట వచ్చింది. ఆ జవాబు కోసం వారం రోజులు ఇంట్లో కూరలు మాడ్చానని, రాష్ట్రపోటీకి మళ్లీ వెళ్తానని చెప్పింది. బస్సు కదిలేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుంది.

"వచ్చే ఏడు కూడా పిలవడానికి రండక్కా. ఉత్తచేతుల్తో మాత్రం రాకండి."

ఆ పిల్ల నవ్వుతోంది. పుష్పలత సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసింది.