బురదలో మగ్గం పలకలు

వానాకాలం బురదదారుల్లో ట్రక్కు తోలడమంటే నాకు పిచ్చి. ఆ పిచ్చితోనే కాకినాడ నుంచి వచ్చి, ఎల్బీనగర్ దగ్గర మన్సూరాబాద్ చివరి ఖాళీ స్థలాల్లో ఇరుసుదాకా దిగబడిపోయాను.

ఎదురింటి పెద్దావిడ రెండు చెక్కపలకలు తెచ్చింది. "టైర్ల కింద పెట్టు బిడ్డా."

నున్నగా అరిగి ఉన్నాయి. "ఏం పలకలండీ ఇవి?" అన్నాను.

"మగ్గానియి. నేసేటప్పుడు కాళ్లతోని తొక్కుతం. పోచంపల్లి ఇడిసినప్పుడు మగ్గం అమ్మినం. గివి మాత్రం ఇయ్యబుద్ధి కాలే."

"విరిగిపోతాయేమోనండీ!"

"ఊకెనే పడున్నయి. జర పని చెయ్యనీ."

ట్రక్కు పైకొచ్చింది. పలకలు నేను కడుగుతానన్నా ఆవిడ వినలేదు. వాటిని పక్కపక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చెంబుతో నీళ్లు పోస్తూ పాదాలతో రుద్దింది. బురద పోయింది. పాదాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూనే ఉన్నాయి.