పాలిష్ మేస్త్రికి వచ్చిన మెమో

పాలిష్ మేస్త్రి జీవితంలో ఒక్క చుక్క తాగి ఎరగడు. అయినా బస్సెక్కితే పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగి కూర్చునేవారు. ముప్ఫై ఏళ్ళుగా లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ చుట్టిన దూది ఉండతో కుర్చీలకూ బల్లలకూ పూస్తున్న మనిషి ఒంటి నుంచి ఇంకే వాసన వస్తుంది? భార్య నమ్మింది. అత్తగారు మాత్రం ఇప్పటికీ నమ్మలేదు.

ఒక సర్కారు ఆఫీసులో పెద్ద అధికారి బల్లకు ఆయనే పాలిష్ పెట్టాడు. అందులో చూసుకుని మీసం దువ్వుకునేంత నున్నగా వచ్చింది. నెల తిరక్కుండానే రమ్మని కబురు. వెళ్ళి చూస్తే బల్లంతా తెల్లమచ్చలు, జిగురు. దాని మీద పెట్టిన ఫైళ్ళు ఊడి రానంటున్నాయి.

"నాసిరకం పాలిష్ వేసి ఆఫీసునే మోసం చేస్తావా?" అన్నాడు అధికారి. అంటూనే చేతులకు రాసుకునే శానిటైజర్ ఇంత ఒంపి బల్ల తుడిచాడు. ఆయనకు క్రిములంటే చచ్చేంత భయం. ఎవరొచ్చి వెళ్ళినా బల్ల తుడవాల్సిందే.

మేస్త్రికి సంగతి అర్థమైపోయింది.

"అయ్యా, మీరు తుడిచే దాంట్లో ఉన్నది స్పిరిటేనండి. లక్కను కరిగించింది కూడా అదే. పూశాక తను ఆవిరైపోయి లక్కను వదిలేస్తుంది. మళ్ళీ తగిలితే మళ్ళీ కరిగించేస్తుంది. నీళ్ళు చూడండి, ఏం చెయ్యవు."

మచ్చ పడని ఒక మూల నీళ్ళచుక్క వేసి తుడిచి చూపించాడు. మెరుపు చెక్కుచెదరలేదు.

"ఇది క్రిముల్ని చంపే మందయ్యా! బల్లల్నెందుకు చంపుతుంది?"

మళ్ళీ పాలిష్ పెట్టి తీరాలని అధికారి అక్కడికక్కడే బాల్‌పెన్నుతో మెమో రాసి సంతకం చేశాడు. పెన్ను మీద ఏ క్రిములున్నాయోనని చేతులు మందుతో తడుపుకుని, ఆ తడి చేత్తోనే కాగితం అందించాడు. బొటనవేలి కింద సంతకం కరిగి నీలం మరకైంది.

మేస్త్రి కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు. ఆయన వెటకారం తెలిసిన మనిషి కాదు. నిజంగానే అనుమానమొచ్చి అడిగాడు.

"ఈ ఇంకు కూడా నాసిరకమేనాండీ?"

పక్కన నిలబడ్డ గుమాస్తా నవ్వు దాచుకోవడానికి దగ్గు తెచ్చుకుంటూ బయటికి పరిగెత్తాడు. అధికారి తన నీలం వేలిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

సంతకం లేని మెమో చెల్లదు కాబట్టి మళ్ళీ పాలిష్ పెట్టమని నోటిమాటగా చెప్పారు. స్పిరిట్ వాసనకు తలనొప్పని అధికారి నాలుగు రోజులు వరండాలోనే కూర్చున్నాడు. అక్కడ జనానికి నేరుగా దొరికిపోవడంతో, ఏళ్ళ తరబడి కదలని పనులు కదిలాయి.

అయిదో రోజు బల్ల అద్దంలా మెరిసింది. దాని మీద దళసరి రెక్సిన్ పరిపించి, అంగుళం కూడా కనపడకుండా కప్పించాక గానీ అధికారి లోపలికి రాలేదు.