కోటు వెనక క్లిప్పులు

గత నెల విశాఖ విమానంలో ఒక పెద్దాయన తన కోటు విప్పి, పైన పెట్టమని నా చేతికిచ్చాడు. ఎప్పుడో కుట్టించుకుని, పెట్టెలో దాచుకుని, ఈ ప్రయాణం కోసమే బయటికి తీసినట్టుంది. మడత పెట్టి పైఅరలో సర్దుతుంటే గుప్పున డాంబర్ గోలీల వాసన కొట్టింది. బట్టలకు పురుగు పట్టకుండా పెట్టెలో వేస్తారే, ఆ తెల్ల గోలీలు. మహారాష్ట్ర అంచున, ప్రాణహిత ఒడ్డునున్న మా సిరోంచలో తెలుగువాళ్లూ మరాఠీవాళ్లూ వాటిని ఆ పేరుతోనే పిలుస్తారు. వెనక నలుగురు ప్రయాణికులు దారి కోసం నిలబడ్డారు. నేను మాత్రం అర తలుపు పట్టుకుని ఆ కోటు వాసన చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదేళ్లుగా ఎయిర్ హోస్టెస్‌గా పనిచేస్తున్న మనిషి చేయాల్సిన పని కాదది. కానీ ఆ వాసన సమ్మయ్య కాకాది.

కాకా అంటే మాకు చుట్టమేమీ కాదు. మా ఇంటి ఎదురుగా ఆయన ఫొటో స్టూడియో ఉండేది. ఒక గది, ఒక స్టూలు, గోడకు నీలం పరదా, అద్దం ముందు దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు, జేబుల్లో డాంబర్ గోలీలు వేసిన ఒక నల్ల కోటు. ఫొటోకి వచ్చినవాళ్లలో సగం మంది ఆ కోటు అడిగేవాళ్లు. కోటు ఒక్కటే, మనుషులు మాత్రం రకరకాలు. అందుకని కాకా బట్టలారేసే క్లిప్పులు నాలుగు పెట్టుకుని, సన్నటివాళ్లకు కోటును వెనకనుంచి బిగించేవాడు. ఫొటోలో చూస్తే కొలతలు తీసి కుట్టినట్టు ఉండేది. "ముందటికెల్లి జిల్లా కలెక్టరు, ఎనకకెల్లి ఆరేసిన బట్టలు" అనేవాడు. మా తాలూకాలో ఎవరింట్లోనైనా కోటు వేసుకున్న ఫొటో కనబడితే అది ఆ కోటే. నాకు చిన్నప్పటినుంచీ అదొక ఆట. పెళ్లికో చావుకో ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడలు చూసేదాన్ని.

కోటుకన్నా ఎక్కువగా నన్ను అక్కడ కూర్చోబెట్టింది ఆయన అడిగే ఒక ప్రశ్న. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి, కెమెరా వెనక్కి వెళ్లాక "ఏ తొవ్వ వచ్చినవ్?" అని అడిగేవాడు. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. అప్పటిదాకా బిగుసుకుపోయిన మనిషి ఆ ప్రశ్నతో వదులయ్యేవాడు. ఏటపల్లినుంచి రావలసిన బస్సు రాలేదనో, వాగులో నీళ్లుంటే చెప్పులు చేత పట్టుకుని దాటాననో చెప్పుకొచ్చేవాడు. చెప్పి చెప్పి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కాకా బటన్ నొక్కేవాడు. ప్రాణహిత మీద వంతెన లేని కాలంలో పడవ దిగి వచ్చినవాళ్ల మొహాలే తనకు బాగా వచ్చేవట. వంతెన వచ్చాక జనం తొందరగా వస్తున్నారు గానీ చెప్పడానికి ఏమీ తేవడం లేదని ఆయన ఫిర్యాదు.

కాలేజీ సెలవుల్లో ఒకసారి ఆయనతో జిమల్‌గట్ట వెళ్లాను. ఏవో కార్డులకు ఫొటోలు కావాలని అక్కడివాళ్లు పిలిపించారు. కోటు ప్లాస్టిక్ కవర్లో మడిచి నా ఒళ్లో పెట్టాడు. ఆయనకు అక్కడివాళ్ల గోండీ భాషలో వచ్చింది ఆ ఒక్క ప్రశ్నే. అదే అడిగాడు ఒక ముసలామెను. ఆమె చేతులు తిప్పుతూ, ఎక్కడో అడవివైపు చూపిస్తూ చాలాసేపు చెప్పింది. కాకా ప్రతి మాటకూ తల ఊపాడు. ఆమె ఆగింది, ఈయన నొక్కాడు.

"సమజైందా కాకా?" అన్నాను నవ్వాపుకుంటూ.

"మాట ఒక్కటి సమజ్ కాలె. తొవ్వ మాత్రం శానా దూరం ఉన్నట్టుంది" అన్నాడు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచి, కెమెరాలో ఆ మొహం చూసి మూసుకున్నాను.

ఎయిర్ హోస్టెస్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు నా ఫొటో కూడా ఆయనే తీశాడు. కోటు నేనే అడిగాను. పోటీకి వచ్చే అమ్మాయిలంతా పెద్ద పట్నాల వాళ్లని నాకు భయం. కాకా కోటు తొడిగి, నాలుగు క్లిప్పులూ పెట్టి, కెమెరా వెనక్కి వెళ్లాడు.

"ఏ తొవ్వ వచ్చినవ్ బిడ్డా?"

"ఎదురింట్లకెల్లి. రోడ్డు దాటి వచ్చిన."

ఆయన కెమెరా దించేశాడు. "అది నాకు కనవడుతనే ఉన్నది. మీ బాపమ్మను అడిగి రా పో."

కోపం వచ్చినా వెళ్లి అడిగాను. మా తాత, బాపమ్మ చెన్నూరు అవతలి పల్లెనుంచి నాట్ల కూలికి ప్రాణహిత దాటి వచ్చారట. ఒక్క కారు పంట పనికని వచ్చి, తిరిగి వెళ్తే అక్కడ నిలబడడానికి జానెడు జాగా లేక ఇక్కడే ఉండిపోయారట. పడవలో బాపమ్మ ఒళ్లో ఒక కోడి, కడుపులో మా నాయన. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఈ మాట ఎన్నడూ అడగలేదు. మర్నాడు స్టూలు మీద కూర్చుని అదంతా చెప్పాను. కోడి దగ్గర ఆగినప్పుడు కాకా నొక్కాడు. ఫొటో బాగా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

ఇంటర్వ్యూలో మాత్రం ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సిరోంచ అంటే ఎక్కడుందో చెప్పాలి. గడ్చిరోలి జిల్లా అంటే నక్సలైట్లు గుర్తొచ్చి అవతలివాళ్ల చూపు మారుతుంది. మరాఠీవాళ్లకు మేం తెలుగువాళ్లం, తెలుగువాళ్లకు మహారాష్ట్రవాళ్లం. ఇదంతా ఎవరు విప్పి చెబుతారని ఒకసారి హైదరాబాద్ అన్నాను. అది నోటికి అలవాటైపోయింది. తోటి సిబ్బందికీ అదే, ప్రయాణికులకూ అదే.

మొదటి జీతంతో కెమెరా కొన్నాను. రెండు విమానాల మధ్య దొరికిన ఖాళీలో, హోటల్ గదిలో పడుకోకుండా ఊళ్ల మీద పడి ఫొటోలు తీసేదాన్ని. కొచ్చిలో వలలు, జైపూర్‌లో కిటికీలు, గువాహటిలో నది మీద మంచు, రెక్క పక్కన ఎర్రబడిన మబ్బులు. ఏడాది తర్వాత సెలవుకు వచ్చి, గర్వంగా అన్నీ కాకా ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్కటే చూశాడు.

"మంచిగున్నయి. మనుషులు ఏడ పోయిన్రు?" అన్నాడు. వెతికి వెతికి ఒక ఫొటోలో, మూల మీద, మెట్లు ఊడుస్తున్న ఆడమనిషిని పట్టుకున్నాడు. "ఈమె ఏ తొవ్వ వచ్చిందట?"

"నేనేం అడగలేదు కాకా. దూరంకెల్లి తీసిన."

"మరి నిన్ను ఎవ్వలన్న అడుగుతరా, ఏ ఊరని?"

"దినాం అడుగుతరు."

"ఏమంటవ్?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయన ముందు ఆ స్టూలు మీద కూర్చుంటే అబద్ధం రాదు. "హైదరాబాద్ అంట" అన్నాను.

కాకా ఫొటోలన్నీ జాగ్రత్తగా దగ్గరికి చేర్చి నా చేతిలో పెట్టాడు. నా వైపు చూడకుండా, "కోటు ఇడువకుంటనే పోయినవ్ బిడ్డా" అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ల మీద వచ్చే కోపమే అది. ఆర్నెల్లు ఫోన్ చేయలేదు.

ఆర్నెల్ల తర్వాత ఆయనే చేశాడు. షుగరు ముదిరి ఒంట్లో బాగుండటం లేదన్నాడు. "ఇన్నేండ్లల్ల నా ఫొటో ఒక్కటి సక్కగ లేదు. నువ్వచ్చి తియ్యాలె. జర జల్ది రా." వస్తానన్నాను. డ్యూటీలు మార్చుకోవడం కుదరక రెండు నెలలు గడిపాను. చివరికి ఒక్క రోజు సెలవు దొరికితే మంచిర్యాలలో రైలు దిగి, బస్సు పట్టుకుని వెళ్లాను. కాకా సగమయ్యాడు. అంగీ భుజాల మీద వేలాడుతోంది. కోటు తెమ్మంటావా అని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, అడిగితే వద్దన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నేను కెమెరా వెనక్కి వెళ్లాను.

"ఏ తొవ్వ వచ్చినవ్ కాకా?"

ఆయన నవ్వలేదు. ఎవరో ఒకరు అడుగుతారని ఎన్నాళ్లనుంచో చూస్తున్నట్టు మొదలుపెట్టాడు. ఎండాకాలం, ప్రాణహిత సన్నబడిన రోజులు. కాకా ఐదేళ్లవాడు. తల్లి ఆయన్ని నడిపించుకుని ఇసుకలో వస్తోంది. నెత్తిన మూట, చంకలో చెల్లె. కాళ్లు కాలుతున్నాయని ఏడిస్తే, మోదుగాకులు అరికాళ్ల కింద పెట్టి నారతో కట్టిందట. నాలుగడుగులకు ఆకులు చినిగిపోతే మళ్లీ ఆగి కట్టేదట. "ఆమె కాళ్లకు ఏం లెవ్వు. అది నాకు అప్పుడు కనవడలె బిడ్డా. ఇగో, ఇప్పుడు చెప్తాంటె కనవడ్డది" అన్నాడు. ఆగాడు. కళ్లల్లో నీళ్లు నిలిచాయి గానీ కారలేదు. మొహమంతా ఐదేళ్ల పిల్లవాడిది.

నేను ఏడుస్తున్నాను. నా వేలు బటన్ మీదే ఉంది.

"నొక్కినవా?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. కాకా పకపకా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇనుకుంట కూసున్నవా? మంచిది. నొక్కుడు మల్ల నేర్సుకుందువు" అన్నాడు. అప్పటికే అలసిపోయాడు. ఆ తర్వాత తీసినవాటిలో ఉన్నది ఒక రోగి మొహం, అంతే. మళ్లీ వస్తానని చెప్పి సాయంత్రం బస్సెక్కాను. పది రోజులకు కబురొచ్చింది.

నేను వెళ్లేసరికి గోడకు దండ వేసిన ఫొటో ఉంది. ఇంట్లోవాళ్లకు నేను తీసినవి నచ్చలేదు. ఎప్పుడో సరదాకి తీయించుకున్న పాతది పెట్టారు. అందులో కాకా నల్ల కోటు వేసుకుని దొరలా ఉన్నాడు. వచ్చినవాళ్లంతా ఎంత బాగున్నాడో అంటున్నారు. నాకు మాత్రం ఆ గోడ అవతలికి వెళ్లి, వెనక ఎన్ని క్లిప్పులున్నాయో చూడాలనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మ ఏం కావాలో తీసుకొమ్మంది. ఒక క్లిప్పు తెచ్చుకున్నాను. హోటల్ గదుల్లో పరదాలు ఎంత లాగినా నడుమ సందు మిగులుతుంది. పగలు నిద్రపోవాల్సి వచ్చినప్పుడు ఆ సందుకు ఈ క్లిప్పు పెడతాను.

గత నెల విశాఖలో అందరూ దిగిపోయాక, కోటు ఇచ్చిన ఆ పెద్దాయన చక్రాల కుర్చీ కోసం సీట్లోనే ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కోటు తీసి తొడిగాను. "మా అమ్మాయికి పంపాలి, ఒక్క ఫొటో తియ్యమ్మా" అని తన ఫోన్ ఇచ్చాడు. ఇచ్చి, "ఇంత చక్కగా తెలుగు మాట్లాడుతున్నావు, మీదేవూరు?" అని అడిగాడు.

"సిరోంచ" అన్నాను.

"ఎక్కడమ్మా అది?"

చెప్పాను. మంచిర్యాలలో దిగి చెన్నూరు మీదుగా వెళ్లాలని, వంతెన దాటితే మా ఊరేనని, వంతెన లేనప్పుడు మా బాపమ్మ ఒళ్లో కోడిని పెట్టుకుని పడవలో వచ్చిందని. ఆయన కోడి దగ్గర నవ్వాడు. అప్పుడు నేను ఫోన్ ఎత్తి పట్టుకుని, "మీరు ఏ తోవన వచ్చారు?" అని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పూర్తిగా విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆయన ఆగినప్పుడు నొక్కాను.